మూతపడిన అణు విద్యుత్ కేంద్రం వెనక ఏం మిగులుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

అణు విద్యుత్తు గురించి తెలుగులో వచ్చే రాతల్లో ఎక్కువ భాగం కొత్తగా కట్టబోయే కేంద్రాల చుట్టూనే తిరుగుతాయి. ఎన్ని మెగావాట్లు, ఎంత భూమి, ఎన్ని ఉద్యోగాలు అన్నదే లెక్క. కట్టిన కేంద్రం ముసలిదయ్యాక దాన్నేం చేస్తారని అడిగితే, అదంతా నలభై ఏళ్ళ తర్వాతి సంగతని దాటవేస్తారు. ఆ నలభై ఏళ్ళు ఇప్పటికే గడిచిపోయిన ఊళ్ళు ప్రపంచంలో చాలా ఉన్నాయి. శాశ్వతంగా ఆగిపోయిన విద్యుత్ రియాక్టర్లు 200 దాటాయి. వాటిలో పూర్తిగా కూల్చి, శుభ్రం చేసి, నేలను మళ్ళీ వాడుకకు అప్పగించినవి చాలా తక్కువ.

ఈ జవాబుల్లో ఎక్కువగా ఒక్క కేంద్రం కథే చెబుతాను. అమెరికాకు ఈశాన్య మూలన ఉన్న మెయిన్ రాష్ట్రంలో, విస్కాసెట్ అనే చిన్న ఊళ్ళో ఉండిన మెయిన్ యాంకీ కేంద్రం అది. దాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. అక్కడ పని బాగా చేశారు. డబ్బు దొరికింది, నిపుణులు దొరికారు, ఊరివాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడారు. అంత బాగా చేసిన చోట కూడా ఏం మిగిలిపోయిందో చూస్తే ఈ సమస్య అసలు స్వరూపం అర్థమవుతుంది.

స్విచ్చు ఆపేస్తే సరిపోదా? మూసివేత అంటే ఏమిటి?

బొగ్గు కేంద్రాన్ని ఆపితే బాయిలర్ చల్లారుతుంది, తుక్కు కొనేవాళ్ళు వస్తారు, పని అయిపోతుంది. అణు రియాక్టర్‌లో గొలుసు చర్య, అంటే యురేనియం పరమాణువులు ఒకదాని వెంట ఒకటి చీలడం, ఆగిన తర్వాత కూడా ఇంధనం వేడి పుట్టిస్తూనే ఉంటుంది. యురేనియం చీలినప్పుడు పుట్టిన కొత్త పదార్థాలు తమంతట తాము క్షీణిస్తూ ఆ వేడిని ఇస్తాయి. దాన్ని ఆపే మీట ఏదీ లేదు. అందుకే వాడిన ఇంధనాన్ని బయటికి తీసి, లోతైన నీటి కొలనులో కొన్నేళ్ళ పాటు ఉంచాలి.

ఇంధనం తీసేసినా రియాక్టర్ మామూలు ఇనుము కాదు. పాతికేళ్ళ పాటు న్యూట్రాన్ల తాకిడికి గురైన ఉక్కు పాత్ర, దాని చుట్టూ ఉన్న కాంక్రీటు స్వయంగా రేడియోధార్మికమవుతాయి. పైపుల లోపలి గోడలకు పొర కట్టి ఉంటుంది. ఎప్పుడో కారిన నీరు నేల పగుళ్ళలోకి ఇంకి ఉంటుంది. ఇంధనాన్ని, కట్టడాన్ని, నేలను ఒక్కొక్కటిగా సరిచేసుకుంటూ వెళ్ళే ఈ మొత్తం పనిని డీకమిషనింగ్ అంటారు.

మెయిన్ యాంకీ ఎందుకు మూతపడింది?

ఈ కేంద్రం 1972 డిసెంబరులో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. సామర్థ్యం సుమారు 900 మెగావాట్లు. దీన్ని మూసేయాలా అని ఆ రాష్ట్ర ప్రజలు 1980, 1982, 1987లలో మూడుసార్లు ఓటు వేశారు, మూడుసార్లూ నడపమనే తీర్పిచ్చారు. దాన్ని ఆపింది ఓట్లు కాదు, ఖర్చు. 1995లో ఆవిరి జనరేటర్ల గొట్టాల్లో పగుళ్ళు బయటపడ్డాయి. వేల గొట్టాలకు లోపల తొడుగులు వేయాల్సి వచ్చి కేంద్రం ఆ ఏడాదిలో చాలాకాలం ఆగిపోయింది. ఆ తర్వాత భద్రతా లెక్కలపై ఫిర్యాదు వచ్చింది, తనిఖీలు జరిగాయి, కొత్త లోపాలు దొరికాయి. 1996 డిసెంబరులో ఆగిన రియాక్టర్ మళ్ళీ మొదలుకాలేదు. బాగుచేసి నడిపితే గిట్టుబాటు కాదని యాజమాన్యం 1997 ఆగస్టులో శాశ్వత మూసివేతకు నిర్ణయించింది.

నడపడానికి అనుమతి 2008 దాకా ఉంది. అంటే కూల్చివేత నిధి పోగుపడాల్సిన పదకొండేళ్ళు ఒక్కసారిగా చేజారాయి. మిగతా సొమ్మును, ఆ కేంద్రం నుంచి ఒక్క యూనిట్ కరెంటు కూడా రాని సంవత్సరాల్లో, వినియోగదారుల బిల్లుల నుంచే రాబట్టారు. మూసివేత ఖర్చు లెక్కవేసేవాళ్ళు రియాక్టర్ పూర్తి ఆయుష్షు బతుకుతుందని అనుకుంటారు. చాలా రియాక్టర్లు అలా బతకలేదు.

కట్టడానికి నాలుగైదేళ్ళు పట్టినదాన్ని కూల్చడానికి ఎనిమిదేళ్ళు ఎందుకు?

1997 నుంచి 2005 దాకా ఆ పని సాగింది. రియాక్టర్ పాత్ర లోపలి భాగాలు అన్నిటికంటే ప్రమాదకరమైనవి. వాటి దగ్గరికి మనిషి వెళ్ళలేడు. అందుకని పాత్ర పైభాగాన్ని నీటితో నింపి, ఆ నీటి అడుగున, గరుకు పొడి కలిపిన నీటిధారను విపరీతమైన ఒత్తిడితో వదిలి, ఆ ధారతోనే ఉక్కును కోశారు. నీరు రేడియేషన్‌కు అడ్డుగోడలా పనిచేస్తుంది. పైన నిలబడ్డవాళ్ళు కెమెరాల్లో చూస్తూ, పొడవాటి పనిముట్లతో ముక్కలను ఎత్తేవారు. కోత వల్ల రాలే సన్నటి రజను కూడా రేడియోధార్మికమే. దాన్ని వడకట్టి పట్టుకోవాలి, ఆ వడపోత గుడ్డను మళ్ళీ వ్యర్థంగా భద్రపరచాలి. ఈ రంగంలో పని ఇలా ఉంటుంది: ఒకదాన్ని శుభ్రం చేసిన గుడ్డే మళ్ళీ జాగ్రత్త చేయాల్సిన ఇంకొక వ్యర్థమవుతుంది.

లోపలి భాగాలు తీసేశాక రియాక్టర్ పాత్రను 2003లో పడవ మీద ఎక్కించి, అట్లాంటిక్ తీరం వెంట సౌత్ కరోలినా రాష్ట్రంలోని బార్న్‌వెల్ పూడ్చివేత స్థలానికి పంపారు. మిగతా తుక్కు, కాంక్రీటు రైలు వ్యాగన్లలోనూ లారీలలోనూ వేరే రాష్ట్రాలకు వెళ్ళాయి. 2004 సెప్టెంబరులో రియాక్టర్ గుమ్మటాన్ని పేలుడు పదార్థాలతో కూల్చారు. అడుగుల మందం ఉన్న కాంక్రీటు కొన్ని క్షణాల్లో కూలిపోయింది. బయటివాళ్ళకు కనిపించిన కూల్చివేత ఆ కొన్ని క్షణాలే. గోడల ఉపరితలాన్ని కొంచెం కొంచెంగా గీకి, గీకిన చోట మళ్ళీ కొలిచి, మళ్ళీ గీకిన పనివాళ్ళ సంవత్సరాలు ఏ వీడియోలోనూ లేవు.

ఎంత శుభ్రమైతే శుభ్రమైనట్టు?

అమెరికా అణు నియంత్రణ కమిషన్ నియమం ప్రకారం, ఆ స్థలంలో భవిష్యత్తులో నివసించే మనిషికి అక్కడ మిగిలిన రేడియోధార్మికత వల్ల ఏడాదికి 0.25 మిల్లీసీవర్ట్‌కు (మనిషికి అందే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం ఇది) మించి మోతాదు అందకూడదు. ప్రకృతిలో సహజంగా మనందరికీ అందే మోతాదు ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు. మెయిన్ రాష్ట్రం ఈ నియమంతో తృప్తిపడలేదు. మొత్తం మీద 0.1, భూగర్భ జలం ద్వారా అయితే 0.04 మిల్లీసీవర్ట్‌ను మించకూడదని తన సొంత చట్టంలో రాసుకుంది. కంపెనీ దానికి ఒప్పుకుని అదే కొలతకు శుభ్రం చేసింది. ఒక చిన్న రాష్ట్రం గట్టిగా అడిగితే కేంద్ర ప్రభుత్వం పెట్టిన గీతకంటే మంచి గీత గీయించుకోగలదని ఇది చెబుతుంది. నాకు ఈ కథలో బాగా నచ్చిన భాగం ఇదే.

2005 అక్టోబరులో నియంత్రణ కమిషన్ ఆ స్థలంలో దాదాపు అంతటినీ తన అనుమతి పరిధి నుంచి విడుదల చేసింది. కంపెనీకి ఉన్న భూమిలో 200 ఎకరాలు అంతకుముందే ప్రకృతి సంరక్షణ కోసం చెవాంకీ ఫౌండేషన్ అనే విద్యాసంస్థకు వెళ్ళాయి.

మరి అంతా పోయినట్టే కదా? మిగిలిందేమిటి?

64 కాంక్రీటు పీపాలు.

రియాక్టర్ లేదు, టర్బైన్ లేదు, పొగగొట్టం లేదు. కానీ 24 ఏళ్ళలో వాడిన ఇంధనమంతా, సుమారు 550 టన్నులు, అక్కడే ఉంది. 60 పీపాల్లో వాడిన ఇంధనం, 4 పీపాల్లో నీటి అడుగున కోసిన ఆ రియాక్టర్ లోపలి ఉక్కు ఉన్నాయి. ఒక్కో ఇంధన పీపాలో ఇంధన కడ్డీల కట్టలు 24 దాకా పడతాయి. పీపా సుమారు 18 అడుగుల ఎత్తు, నిండాక సుమారు 150 టన్నుల బరువు. లోపల ఉక్కు డబ్బా, దానికి మూత పెట్టి వెల్డింగ్ చేసి, నీటినంతా లాగేసి హీలియం వాయువు నింపుతారు. చుట్టూ రెండడుగులకు పైగా మందమున్న కాంక్రీటు. కింద, పైన గాలి దారులు. చల్లగాలి కిందినుంచి వెళ్ళి, వేడెక్కి పైనుంచి బయటికొస్తుంది. పంపులు, ఫ్యాన్లు ఏవీ లేవు. చలికాలంలో మెయిన్ రాష్ట్రంలో మంచు అడుగుల కొద్దీ పడుతుంది, ఆ గాలి దారులు మూసుకుపోకుండా చూసుకోవడం అక్కడి రోజువారీ పనుల్లో ఒకటి.

కంచె, కెమెరాలు, సాయుధ కాపలా. రోజుకు 24 గంటలు, ఏడాదికి 365 రోజులు. వీటికి ఏటా సుమారు 1 కోటి డాలర్లు ఖర్చు. మెయిన్ యాంకీ కంపెనీ ఇప్పటికీ ఉంది. కరెంటు ఉత్పత్తి చేయదు, ఏదీ అమ్మదు. పీపాలను కాయడమే దాని పని.

ఆ పీపాల వల్ల చుట్టుపక్కల వాళ్ళకు ప్రమాదమా?

ఇవాళ్టికి తక్కువే. పీపా ఒక కదలని వస్తువు. పగిలి పేలిపోయేది లోపల ఏదీ లేదు, గొలుసు చర్య మొదలయ్యే అవకాశం లేకుండా అమర్చారు. నీటి కొలనులో కంటే పొడి పీపాలో ఉంచడమే మేలని చాలామంది నిపుణులు చెబుతారు, నేనూ అదే నమ్ముతాను. దీన్ని భూతంలా చూపి భయపెట్టడం నిజాయితీ కాదు.

ఇక్కడ భయం కంటే కాలం గురించి ఆలోచించాలి. ఈ పీపాలను కొన్ని దశాబ్దాల తాత్కాలిక నిల్వ కోసం తయారుచేశారు. లోపలి పదార్థం కొన్ని వేల తరాల పాటు జాగ్రత్త కోరుతుంది. కాంక్రీటు పగుళ్ళు, సముద్రపు ఉప్పుగాలికి ఉక్కు వెల్డింగులు ఎలా ఓర్చుకుంటాయన్నది, కాపలాకు జీతమిచ్చే ఏర్పాటు ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది ఇంజినీరింగుతో మాత్రమే తేలే విషయాలు కావు.

వాటిని ప్రభుత్వం ఎందుకు తీసుకెళ్ళలేదు?

తీసుకెళ్తానని చట్టం చేసింది. 1982లో అమెరికా కాంగ్రెసు అణు వ్యర్థాల చట్టం తెచ్చింది. దాని ప్రకారం కరెంటు కంపెనీలు యూనిట్‌కు డాలరులో వెయ్యో వంతు చొప్పున ఒక నిధికి కట్టాలి, ప్రతిగా 1998 జనవరి 31 నుంచి కేంద్ర ఇంధన శాఖ వాడిన ఇంధనాన్ని స్వీకరించాలి. కంపెనీలు కట్టాయి, అంటే వినియోగదారులు కట్టారు. గడువు వచ్చింది, వెళ్ళింది. ఒక్క కట్ట కూడా కదల్లేదు.

1987లో కాంగ్రెసు శాశ్వత నిల్వ కోసం నెవాడా రాష్ట్రంలోని యక్కా పర్వతం ఒక్కదాన్నే పరిశీలించమంది. ఆ రాష్ట్రం మొదటినుంచీ వద్దంది. ఆ నేల తమదని పశ్చిమ షోషోనీ ఆదివాసులు వాదించారు. 2002లో ఆమోదం వచ్చింది, 2010 నాటికి కొత్త ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టి నిధులు ఆపింది. టెక్సాస్, న్యూ మెక్సికోలలో తాత్కాలిక నిల్వ కోసం ప్రైవేటు సంస్థలు అనుమతులు తెచ్చుకుంటే ఆ రాష్ట్రాలు అడ్డం తిరిగాయి. ఒకరి పెరట్లోంచి తీసిన బరువును ఇంకొకరి పెరట్లో దించాలంటే ఆ ఇంకొకరు ఒప్పుకోవాలి. ఆ ఒప్పందం మొదటే కుదుర్చుకోకుండా కేంద్రాలు కట్టారు. అన్ని చిక్కులకూ మూలం అక్కడుందని నా అభిప్రాయం.

ఇలా నడిచే రియాక్టర్ లేకుండా వాడిన ఇంధనం మాత్రమే మిగిలిన స్థలాలు అమెరికాలో ఇరవై దాకా ఉన్నాయి. మెయిన్ యాంకీ సోదర కేంద్రాలైన కనెక్టికట్ యాంకీలో 43 పీపాలు, మసాచుసెట్స్‌లోని యాంకీ రో కేంద్రంలో 16 పీపాలు ఉన్నాయి.

ఈ ఖర్చంతా చివరికి ఎవరు భరిస్తున్నారు?

కూల్చివేతకు సుమారు 50 కోట్ల డాలర్లు అయ్యాయి. అది కరెంటు వాడినవాళ్ళ బిల్లుల నుంచి వచ్చింది. పీపాల కాపలా ఖర్చు కథ వేరు. ప్రభుత్వం మాట తప్పింది కాబట్టి మూడు యాంకీ కంపెనీలు కోర్టుకెక్కాయి, గెలిచాయి. 2013లో మొదటి విడతగా మూడింటికీ కలిపి సుమారు 16 కోట్ల డాలర్లు వచ్చాయి. అయితే ఆ నష్టం ఒకేసారి తేలేది కాదు. ఏటా కొత్త ఖర్చు, కొన్నేళ్ళకొకసారి కొత్త దావా, కొత్త తీర్పు. ఆ పరిహారం దేశ ఖజానా నుంచి, అంటే పన్నులు కట్టే అందరి జేబు నుంచి వస్తుంది. ఒక్క వెలుగు కూడా ఆ కేంద్రం నుంచి పొందని పిల్లలు పెద్దవాళ్ళై దాని కాపలాకు పన్ను కడుతున్నారు.

ఊరి సంగతేమిటి?

విస్కాసెట్ జనాభా నాలుగు వేలకు లోపు. కేంద్రం నడిచిన రోజుల్లో ఊరికి వచ్చే ఆస్తి పన్నులో 90 శాతానికి పైగా ఆ ఒక్క కంపెనీయే కట్టేది. మంచి బడి, మంచి రోడ్లు, సామాన్యుడికి నామమాత్రపు పన్ను. 1997 తర్వాత ఆ సొమ్ము తగ్గుతూ వచ్చింది, ఇళ్ళవాళ్ళ పన్నులు పెరిగాయి. ఉద్యోగాలు పోయినవాళ్ళు పిల్లలతో సహా ఊరు విడిచారు, బడిలో పిల్లలు తగ్గారు. ఒక్క పెద్ద యజమాని మీద బతికే ఊరికి, అది ఏ పరిశ్రమైనా, ఇదే జరుగుతుంది. గని మూతపడిన ఊళ్ళు, చక్కెర మిల్లు మూతపడిన ఊళ్ళు మనకు తెలియనివి కావు. తేడా ఒకటుంది: చక్కెర మిల్లు పోతే ఆ స్థలం ఇంకొకరికి అమ్మవచ్చు. పీపాలున్న చోటు పక్కన కొత్త పరిశ్రమ పెట్టమని ఎవరినైనా ఒప్పించడం కష్టం.

లిథువేనియాలో ఇగ్నాలినా కేంద్రం కోసమే 1975లో మొదలుపెట్టి కట్టిన విసాగినాస్ పట్టణం పరిస్థితి ఇంకా కఠినం. ఐరోపా సమాఖ్యలో చేరడానికి షరతుగా అక్కడి రెండు రియాక్టర్లను 2004లో ఒకటి, 2009లో ఒకటి మూసేశారు. ఊరు పుట్టిన కారణమే పోయింది. కేంద్రాన్ని విప్పదీసే పనే ఇప్పుడు అక్కడి ముఖ్యమైన ఉపాధి.

అన్ని దేశాలూ వెంటనే కూలుస్తాయా?

లేదు. బ్రిటన్ మొదట ఆగుదామనుకుంది. ఉక్కులో పుట్టే రేడియోధార్మిక పదార్థం కోబాల్ట్-60 అర్ధాయువు, అంటే అది సగానికి తగ్గే కాలం, 5.27 ఏళ్ళు. అంటే 50 ఏళ్ళు ఆగితే అది సుమారు 700 వంతుల్లో ఒక వంతుకు తగ్గుతుంది, అప్పుడు కూల్చేవాళ్ళకు ముప్పు తక్కువ. ఈ లెక్కతో మాగ్నాక్స్ అనే పాత రకం రియాక్టర్ల కేంద్రాల్లోంచి ఇంధనం తీసేసి, భవనాలకు వాన తగలకుండా రేకులు తొడిగి, దశాబ్దాల పాటు తాళం వేసి ఉంచాలనుకున్నారు. 2018లో బ్రాడ్‌వెల్ ఆ స్థితికి చేరిన మొదటి కేంద్రమైంది.

తర్వాత ఆలోచన మారింది. వేల్స్ కొండల మధ్య సరస్సు ఒడ్డున, 1991లో ఉత్పత్తి ఆపేసిన ట్రాస్‌ఫినిథ్ రియాక్టర్లను ముందుగానే విప్పాలని నిర్ణయించారు. ఆగితే రేడియోధార్మికత తగ్గుతుంది, నిజమే. కానీ ఆ కేంద్రంలో ఏ పైపు ఎక్కడికి వెళ్తుందో తెలిసిన మనుషులు కూడా తగ్గిపోతారు. నక్షాలో గీసినట్టు ఏ కర్మాగారమూ ఉండదు. నలభై ఏళ్ళ క్రితం ఒక రాత్రి షిఫ్టులో ఎవరో వేసిన అడ్డపైపు గురించి చెప్పగలిగేది ఆ మనిషే.

బ్రిటన్‌కు ఇంకో బరువుంది. ఆ పాత రియాక్టర్లలో న్యూట్రాన్ల వేగం తగ్గించడానికి గ్రాఫైట్ దిమ్మెలు వాడారు. ఆ దేశంలో అలాంటి గ్రాఫైట్ సుమారు లక్ష టన్నులు ఉంది. అందులో కార్బన్-14 ఉంది, దాని అర్ధాయువు 5,730 ఏళ్ళు. యాభై ఏళ్ళు ఆగినా దానిలో చెప్పుకోదగ్గ మార్పు రాదు. బాగుపడిన ఉదాహరణ కూడా ఒకటి చెప్పాలి. బర్క్‌లీ కేంద్రంలో ఒక్కోటి 310 టన్నుల బరువున్న 15 బాయిలర్లు ఏళ్ళ తరబడి ఆరుబయట పడి ఉండేవి. 2012 నుంచి వాటిని రోడ్డు మీదుగా రేవుకు, అక్కడినుంచి ఓడల్లో స్వీడన్‌కు పంపి కరిగించారు. లోహంలో చాలా భాగం మళ్ళీ వాడుకకు వచ్చింది.

పని చెడిపోయిన చోట్లు ఉన్నాయా?

ఉన్నాయి. స్కాట్లాండ్ ఉత్తర కొసన ఉన్న డౌన్‌రే అందులో ఒకటి. అక్కడ ప్రయోగాత్మక ఫాస్ట్ రియాక్టర్లు (న్యూట్రాన్ల వేగం తగ్గించకుండా నడిచేవి) నడిచాయి, చివరిది 1994లో ఆగింది. వాడిన ఇంధనాన్ని కోసేటప్పుడు రాలిన సన్నటి తునకలు కాలువల ద్వారా సముద్రంలోకి వెళ్ళాయి. ఒక్కో తునక ఇసుక రేణువంత. 1980ల మొదట్లో అవి తీరంలో దొరకడం మొదలైంది. 1997లో ఆ కాలువ సముద్రంలో కలిసే చోట 2 కిలోమీటర్ల మేర చేపల వేట నిషేధించారు. సముద్రం అడుగున యంత్రాలతో వెతికి 2,000కు పైగా తునకలు ఏరారు. అన్నీ దొరకవని ఏరేవాళ్ళకూ తెలుసు. ఇసుకలో ఇసుకంత రేణువును వెతకడమంటే ఏమిటో, గోదావరి ఇసుక తిన్నె మీద ఒక్కసారి నిలబడ్డవారు ఊహించగలరు.

అదే డౌన్‌రేలో 65 మీటర్ల లోతున్న ఒక బావిలో 1950ల చివరినుంచి వ్యర్థాలు పడేసేవారు. 1977లో అందులోకి వెళ్ళిన సోడియం, పొటాషియం నీటితో కలిసి పేలుడు జరిగింది. ఏం పడేశారన్న జాబితా సరిగా లేకపోవడం ఇవాళ దాన్ని ఖాళీ చేసేవాళ్ళకు పెద్ద తలనొప్పి.

ఈ వ్యర్థాలు ఎన్నేళ్ళు ఉంటాయి?

దేన్ని గురించి అడుగుతున్నామన్నదాన్ని బట్టి. సీజియం-137 అర్ధాయువు సుమారు 30 ఏళ్ళు, కాబట్టి మూడు నాలుగు వందల ఏళ్ళలో అది చాలావరకు అణగిపోతుంది. ప్లుటోనియం-239కి 24,100 ఏళ్ళు. మెయిన్ యాంకీ పీపాల్లో రెండూ ఉన్నాయి. వాడిన ఇంధనానికి లక్ష ఏళ్ళ స్థాయిలో ఆలోచించాలని నిపుణులు అనేది అందుకే.

దీనికి అందరికంటే ముందు దారి వేసింది ఫిన్లాండ్. ఒల్కిలువొతో కేంద్రం పక్కనే, 190 కోట్ల ఏళ్ళ నాటి శిలలో, 400 మీటర్లకు పైగా లోతున ఓన్‌కలో అనే నిల్వ కేంద్రాన్ని తవ్వింది. రాగి పెట్టెల్లో ఇంధనం, చుట్టూ బెంటోనైట్ బంకమట్టి. ఆ మునిసిపాలిటీ తన అంగీకారం ముందే తెలిపింది, వద్దనే హక్కు చట్టంలో ఉండగా ఒప్పుకుంది. శిల ఎంత గట్టిదో ఆ ఒప్పుకోలూ అంత ముఖ్యమని నేననుకుంటాను.

అంత దూరపు మనుషులకు ఇక్కడ ప్రమాదముందని ఎలా చెబుతాం?

కడప జిల్లా కలమళ్ళలో దొరికిన రేనాటి చోళుల శాసనం మనకు తెలిసిన తొలి తెలుగు శాసనాల్లో ఒకటి. క్రీస్తు శకం 575 నాటిదని చెబుతారు. అంటే 1,450 ఏళ్ళు. అది మన భాషే. అయినా దాన్ని చూసి చదవగలిగిన తెలుగువాళ్ళు ఎందరు? లిపి మారింది, మాటలు మారాయి, నిపుణుడు వివరిస్తే తప్ప అర్థం కాదు. ప్లుటోనియం-239 సగానికి తగ్గే కాలంలో ఇలాంటి పదహారు మార్పులు పడతాయి. ఏ భాషలో రాసి పెట్టినా చదివేవాళ్ళు ఉంటారని హామీ లేదు.

దగ్గరి కాలానికైతే చేయగలిగినది కాగితాలు దాచడం. డౌన్‌రేకు దగ్గర్లోని విక్ పట్టణంలో 2017లో న్యూక్లియస్ అనే పత్రాగారం తెరిచారు. బ్రిటన్ అణు పరిశ్రమ పత్రాలు, నక్షాలు, ఛాయాచిత్రాలు అక్కడికి చేరుతున్నాయి. అదే భవనంలో ఆ ప్రాంతపు పాత రికార్డులు కూడా ఉంటాయి. డౌన్‌రే బావిలో ఏం పడేశారో తెలియక పడిన పాట్ల పక్కన పెట్టి చూస్తే, ఆ పత్రాగారం విలువ తెలుస్తుంది.

మన దేశంలో పరిస్థితి ఏమిటి?

భారత్ ఇంతవరకు ఏ విద్యుత్ రియాక్టర్‌నూ పూర్తిగా విప్పలేదు. తారాపూర్‌లోని మొదటి రెండు రియాక్టర్లు 1969 నాటివి. రాజస్థాన్‌లోని రావత్‌భాటాలో 1973లో మొదలైన మొదటి రియాక్టర్ 2004 నుంచి ఉత్పత్తి చేయడం లేదు. ట్రాంబేలోని పరిశోధన రియాక్టర్ సైరస్‌ను 2010 చివర్లో మూసేశారు.

మన విధానం అమెరికాకు భిన్నం. వాడిన ఇంధనాన్ని వ్యర్థమనకుండా, అందులోంచి ప్లుటోనియం, మిగిలిన యురేనియం వేరుచేసి మళ్ళీ వాడాలన్నది మన ఆలోచన. ట్రాంబే, తారాపూర్, కల్పాక్కంలలో ఆ కర్మాగారాలున్నాయి. దానివల్ల పీపాల సంఖ్య తగ్గుతుంది కానీ వేరుచేయగా మిగిలిన తీవ్ర వ్యర్థాన్ని గాజులో కలిపి గట్టిపరచి, దాన్నీ కాపాడాలి. బరువు తగ్గుతుంది, బాధ్యత ఉంటుంది.

తెలుగు నేలకు నేరుగా ఉన్న సంబంధం హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయం. దేశంలోని రియాక్టర్లలో చాలావాటికి ఇంధన కట్టలు అక్కడినుంచే వెళ్తాయి. అంటే రావత్‌భాటాలో వాడి పక్కన పెట్టిన కట్టల్లోనూ హైదరాబాద్ పనివాళ్ళ చేతుల మీదుగా వెళ్ళినవి ఉన్నాయి.

మన దగ్గర కూల్చివేతకు డబ్బు దాస్తున్నారా?

యూనిట్‌కు 2 పైసలు చొప్పున వసూలు చేస్తున్నారు. లెక్క వేసి చూడండి. 700 మెగావాట్ల రియాక్టర్ 85 శాతం సామర్థ్యంతో నడిస్తే ఏడాదికి సుమారు 521 కోట్ల యూనిట్లు, అంటే 10 కోట్ల రూపాయలకు కొంచెం పైన. 40 ఏళ్ళకు, వడ్డీ కలపకుండా, 420 కోట్లకు లోపు. మెయిన్ యాంకీ కూల్చివేతకైన 50 కోట్ల డాలర్లు ఇప్పటి మారకంలో 4,000 కోట్ల రూపాయలు దాటుతాయి. మన దగ్గర కూలీ తక్కువ, రియాక్టర్ రకం వేరు, నిధికి వడ్డీ వస్తుంది, ఇవన్నీ ఒప్పుకుంటాను. అయినా ఆ అంతరం చిన్నది కాదు. 2 పైసలు సరిపోతాయని చెప్పేవారు ఆ లెక్కను కేంద్రాల వారీగా, ఊళ్ళ భాషలో ప్రజల ముందు పెట్టాలి.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ వాళ్ళు ఏం అడగాలి?

అక్కడ ఆరు పెద్ద రియాక్టర్లు కట్టాలన్న ప్రతిపాదన చాలా ఏళ్ళుగా ఉంది. కట్టాలా వద్దా అన్నదానిపై అభిప్రాయాలు వేరు వేరుగా ఉంటాయి, నేను ఆ తగవులోకి వెళ్ళడం లేదు. కానీ భూమి ఇచ్చే కుటుంబం, వేటకు వెళ్ళే మత్స్యకారుడు పరిహారంతో పాటు మరికొన్ని ప్రశ్నలు అడగడం న్యాయం. వాడిన ఇంధనం మా తీరంలో ఎన్నేళ్ళుంటుంది? ఏ సంవత్సరానికి, ఎక్కడికి వెళ్తుంది? వెళ్ళకపోతే మాకు ఏమిస్తారు? రియాక్టర్ అనుకున్నదానికంటే ముందే ఆగిపోతే నిధిలో లోటు ఎవరు పూడుస్తారు? శుభ్రతకు కొలత ఎంత, దాన్ని కొలిచేదెవరు? ఆ కొలతల కాగితం పంచాయతీ కార్యాలయంలో తెలుగులో ఉంటుందా? ఇవి నోటితో అడిగి నోటితో జవాబు పొందాల్సినవి కావు. ఒప్పందంలో రాయించుకోవాలి. మెయిన్ రాష్ట్రం చట్టంలో రాసుకున్నది దక్కించుకుంది. ఇంధనం తీసుకెళ్తామన్న మాట కూడా చట్టంలోనే ఉంది, తప్పినందుకు కనీసం కోర్టులో పరిహారం వస్తోంది.

విస్కాసెట్ పీపాలు ఎప్పుడు కదులుతాయి?

తేదీ ఏదీ ఖరారు కాలేదు. లోపలి ఉక్కు డబ్బాలు రవాణాకూ పనికివచ్చేలా తయారైనవే. కాంక్రీటు పీపాలోంచి డబ్బాను ఎత్తి, ప్రయాణపు తొడుగులోకి దించి, రైలు మీదో పడవ మీదో పంపవచ్చు. రియాక్టర్ పాత్ర ఒకప్పుడు పడవెక్కింది కూడా అక్కడినుంచే. ఎక్కడ దించాలన్నది తేలేదాకా ఆ 64 పీపాల చుట్టూ కాపలా మారుతూ ఉంటుంది, గాలి దారుల దగ్గర ఉష్ణోగ్రత గమనిస్తూ ఉంటారు, మంచు పడిన రోజు ఉదయం ఎవరో ఒకరు పార పట్టుకుని వెళ్తారు.